ఉపద్రవకాలమున విద్యార్థుల తీర్పు : బోధనా మూల్యాంకన చరిత్రలో ఒక ఘట్టము

విద్యార్థి అధ్యాపకునకు మార్కులు వేయుట నిన్న మొన్న పుట్టిన వింత యని మనలో పెక్కుమంది తలంపు. న్యాక్ సంఘము వచ్చుటకు ముందు హడావిడిగా నింపించు ఫీడ్‌బ్యాక్ పత్రములతో మాత్రమే పరిచయము గల మనకు అట్లు తోచుట సహజమే. కాని ఈ ఆచారమునకు దీర్ఘమైన చరిత్ర కలదు. ఆ చరిత్రలో విద్యాలయములు సజావుగా నడచిన దినములకంటె నడవని దినములే మనకు ఎక్కువ సంగతులు తెలుపుచున్నవి. 2020వ సంవత్సరపు అనుభవమును కేంద్రముగా గొని ఈ విషయమును పరిశీలింప యత్నించుచున్నాము.

మొదట ఇటలీ దేశమందలి బొలోన్యా నగరమును జూడవలెను. అచ్చటి న్యాయశాస్త్ర విద్యాపీఠమున 13వ శతాబ్దిలో పెత్తనము విద్యార్థి సంఘములదే. దూరదేశములనుండి వచ్చిన, వయసు మీరిన, కలిగిన కుటుంబముల విద్యార్థులు తామే రుసుములిచ్చి ఆచార్యులను నియమించుకొనెడివారు. 14వ శతాబ్ది పూర్వార్ధమునకు చెందిన వారి నిబంధనావళిని చదివినచో నేటి అధ్యాపకునకు ఒడలు జలదరించును. గంట మ్రోగిన పిదప ఆలసించినను జరిమానా, వేళ మించి పాఠము సాగించినను జరిమానా. గ్రంథమును భాగములుగా విభజించి ఏ భాగము ఏ దినమునకు ముగియవలెనో ముందే నిర్ణయించెడివారు. ఆచార్యుడు కొంత సొమ్మును షరాబు వద్ద ధరావతుగా ఉంచవలెను. పాఠము వెనుకబడిన కొలది అందులో కోత పడును. క్లిష్టమైన ఘట్టమును దాటవేయుటకు వీలు లేదు. ప్రధాన పాఠమునకు ఐదుగురు శ్రోతలైనను చేరనిచో ఆచార్యుడు గైరుహాజరైనట్లే లెక్క. ఈ లోపములను రహస్యముగా తెలుపుటకు విద్యార్థులలోనే కొందరిని నియమించెడివారు.

ఇక్కడ గమనింపదగిన అంశమొకటి కలదు. బొలోన్యా విద్యార్థి తన ఆచార్యుడు ఆకర్షణీయముగా బోధించెనా యని తూచలేదు. ఏ పుట వరకు వచ్చినది, ఏ గంటకు వచ్చినాడు అను సంగతులనే లెక్కించినాడు. మరియొకటి, ఆ అధికారమునకు మూలము ఉపద్రవ భయమే. కోపము వచ్చిన విద్యార్థులు నగరమును విడిచిపోయెడివారు. 1222లో పాదువా విద్యాపీఠము పుట్టినది అట్టి వలసవలననే. క్రమముగా నగరపాలకులే ఆచార్యులకు జీతములీయ మొదలిడగా విద్యార్థుల పట్టు సడలినది.

ఆధునిక కాలపు సంఖ్యాత్మక పత్రము అమెరికాలో రూపొందినది. పర్‌డ్యూ విశ్వవిద్యాలయమున రెమ్మర్స్, ఆయన సహచరులు 1920వ దశకమున అధ్యాపకులను అంచనా కట్టు మాపకమును సిద్ధపరచిరి. 1960వ దశకమున బర్క్‌లీ విద్యార్థులు కోర్సులపై తమ అభిప్రాయములను తామే అచ్చువేసికొని పంచుకొనిరి. 1964లో అచ్చటనే వాక్స్వాతంత్ర్యోద్యమము చెలరేగినది. ఆ కల్లోల దశకము గడచిన పిమ్మట విశ్వవిద్యాలయములు ఈ పత్రములను తమ చేతిలోనికి దీసికొనినవి. విద్యార్థి మాట సంఖ్యగా మారి, ఉద్యోగపు ఫైలులో చేరినది. ఆ సంఖ్య ఎంత నమ్మదగినదో తెలియుటకు 1973లో ప్రకటితమైన ఒక ప్రయోగము చాలును. డాక్టర్ ఫాక్స్ అను మారుపేరుతో ఒక నటుడు సారము లేని ఉపన్యాసమును సరసముగా చెప్పగా, విన్న విద్యావంతులు మెచ్చుకొనిరి! 2018లో కెనడాలో, నాటి రైయర్సన్ విశ్వవిద్యాలయపు వివాదమున, మధ్యవర్తి కాప్లన్ ఈ సరాసరులతో బోధనా సామర్థ్యమును కొలిచి పదోన్నతులు నిర్ణయింపరాదని తీర్పు చెప్పెను.

ఇట్టి స్థితిలో 2020 మార్చి వచ్చినది. కరోనా కారణముగా తరగతులు కొద్ది దినములలోనే తెరమీదికి మారినవి. అమెరికా, కెనడాలలో పెక్కు విశ్వవిద్యాలయములు, ఆ అర్ధసంవత్సరపు విద్యార్థుల అంచనాలను అధ్యాపకుడు కోరిననే తప్ప ఫైలులో చేర్పబోమని ప్రకటించినవి. ఏటేట కొనసాగింపు కొరకు ఎదురుచూచు తాత్కాలికోద్యోగికి ఇది చిన్న ఊరట కాదు. మనదేశమున చర్చయంతయు వేరు దారి పట్టినది. చివరి సంవత్సరపు పరీక్షలు జరుపవలెనని యు.జి.సి. జూలై 6న ఆదేశించుట, ఆ వివాదము సుప్రీంకోర్టునకెక్కి ఆగస్టు 28న తేలుట మనకు తెలిసినవే. విద్యార్థిని పరీక్షించుటను గూర్చి అంత వాదము జరిగినది గాని, ఆ యేటి బోధనను గూర్చి విద్యార్థి నేమడుగవలెనను ప్రశ్నకు అందులో వేయవ వంతు చోటైనను దక్కలేదు. 2017లో న్యాక్ ప్రవేశపెట్టిన విద్యార్థి సంతృప్తి సర్వే అప్పటికే అమలులో నున్నను ఇదే పరిస్థితి.

మా అనుభవమొకటి ఇచ్చట చెప్పుట అప్రస్తుతము కాదనుకొందుము. ఆ యేడు మేము ఫోను ద్వారా నన్నయను బోధించి, ఫోను ద్వారానే అభిప్రాయ పత్రమును పంపితిమి. వచ్చిన జవాబులన్నియు ప్రశంసలే; కొంత సంతోషించితిమనియు ఒప్పుకొనవలెను. తరగతులు తెరచిన పిమ్మట, సిగ్నలు కొరకు ఊరి చెరువుగట్టు మీదికి పోవుచుండిన విద్యార్థి యొకడు మాతో, "పాఠం ఎలా ఉందని అడిగారు గానీ సార్, వినబడిందా అని అడగలేదు" అనెను. ఆ పత్రము అతనికి చేరనే లేదు. దానిని గూర్చి తోటివారు చెప్పగా వినెనట. పాఠము అందినవారికే పత్రము అందినది. కావున ఆ సరాసరి మా బోధనకు కొలత గాక, ఎవరింట సిగ్నలు కలదో తెలుపు లెక్క మాత్రమే అయినది.

అందుచేత సంఖ్యను ఫైలునుండి తొలగించుట సగము పని యని మా అభిప్రాయము. అది అధ్యాపకుని కాపాడును. వినబడని విద్యార్థి అట్లే మిగిలిపోవును. తెరమీది తరగతిలో అధ్యాపకునకు మార్కులు వేయించుటయు నిరపాయము కాదు. 2015లో వెలువడిన మాక్‌నెల్ బృందపు పరిశోధనలో, ముఖము కనబడని ఆన్‌లైన్ తరగతులకు ఒకే వ్యక్తి స్త్రీ పేరుతోను పురుషుని పేరుతోను బోధింపగా, స్త్రీ పేరునకు తక్కువ మార్కులు వచ్చినవి. పరిశీలింపబడిన విద్యార్థులు కొద్దిమందియే యైనను ఫలితము ఉపేక్షింపదగినది కాదు.

ఉపద్రవకాలమున బొలోన్యా వారి మొరటు ప్రశ్నయే మేలని మాకు తోచుచున్నది. ఏ పాఠము వరకు విన్నావు? ఏది తప్పిపోయినది? గ్రంథము చేతికి వచ్చినదా? ఇవి విద్యార్థికి మాత్రమే తెలిసిన సంగతులు. వీనికి జవాబు చెప్పుటకు అధ్యాపకునిపై ప్రేమయు ద్వేషమును అక్కర లేదు. జవాబీయనివారి ఇంటికి కబురు పంపియైనను అడుగవలెను. జరిమానాలను, రహస్య చారులను మాత్రము బొలోన్యాకే వదలివేయుదము.

ఇక పరిశోధక విద్యార్థులకు ఒక మనవి. 2020–21 నాటి అభిప్రాయ పత్రముల పట్టికలు పెక్కు కళాశాలల స్వీయాధ్యయన నివేదికలలో ఇతర సంవత్సరముల సరసన కనబడును. ఆ యేటి సంఖ్యలను వేరు చేసి, ఎందరు జవాబిచ్చిరో ముందు చూడవలెను. పత్రపు చివర ఖాళీచోట విద్యార్థులు చేతికి వచ్చినట్లు వ్రాసిన రెండు మూడు పంక్తులు ఎచ్చటనైన మిగిలియున్నచో వానిని పారవేయనీయక సేకరింపవలెను.