చేజేతులా

1951 మార్చిలో ఐక్ టర్నర్ తన కుర్ర బ్యాండును వెంటేసుకుని మిసిసిపీలోని క్లార్క్స్‌డేల్ నుంచి మెంఫిస్ వెళ్లాడు. దారిలో గిటార్ యాంప్లిఫయర్ దెబ్బతింది. స్టూడియోలో అందులో కాగితాలు కుక్కి అలాగే వాయించేశారు. ఆ బొంగురు మోతే ‘రాకెట్ 88’కి అందమైంది. తొలి రాక్ అండ్ రోల్ రికార్డు అదేనని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రిథమ్ అండ్ బ్లూస్ పాటల్లో అగ్రస్థానానికి వెళ్లిన ఆ రికార్డు మీద పాడినవాడి పేరే పడింది. పియానో వాయించి, బ్యాండును నడిపించిన పంతొమ్మిదేళ్ల ఐక్ పేరు లేదు.

ఆ దెబ్బ అతను జన్మలో మరచిపోలేదని నా అనుమానం. తర్వాత గిటార్ పట్టాడు. ఎవరెవరి రికార్డులకో వాయించాడు, కంపెనీలకు కొత్త గాయకుల్ని వెతికి పెట్టాడు. బ్యాండు మీద మాత్రం పిడికిలి బిగించాడు. 1960లో ‘ఎ ఫూల్ ఇన్ లవ్’ పాడిన ఆనా మే బుల్లక్‌కు టీనా టర్నర్ అని పేరు పెట్టి, ఆ పేరును తన సొత్తుగా రిజిస్టర్ చేయించాడు. ఆమె వెళ్లిపోతే అదే పేరుతో ఇంకొకరిని నిలబెట్టవచ్చని లెక్క!

లెక్క తప్పింది, కానీ వెంటనే కాదు. ఇద్దరూ కలిసి చేసిన ‘ప్రౌడ్ మేరీ’కి గ్రామీ వచ్చింది, ఇంగిల్‌వుడ్‌లో సొంత స్టూడియో వెలిసింది, కొకైన్ కూడా వచ్చి చేరింది. భార్య అయిన టీనాకు ఇంట్లో దెబ్బలు అంతకు ముందునుంచీ ఉన్నవే. 1976 జులైలో డల్లాస్‌లో, ముఖం మీద నెత్తురుతో, చేతిలో 36 సెంట్లతో టీనా పారిపోయింది. విడాకుల్లో ఆమె పట్టుబట్టి తీసుకున్నది ఆ పేరునే.

ఆ తర్వాత ఐక్ కథంతా దిగుడుమెట్లే. స్టూడియో కాలిపోయింది. 1991 జనవరిలో ఇద్దరినీ రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చినప్పుడు అతను మాదకద్రవ్యాల నేరానికి జైల్లో ఉన్నాడు. 2007 ఫిబ్రవరిలో బ్లూస్ ఆల్బమ్‌కు గ్రామీ దక్కింది. ఆ డిసెంబరు 12న, 76వ ఏట, కొకైన్ అతని ప్రాణం తీసింది.

కళను, మనిషిని విడదీసి చూడమంటారు కొందరు. నాకు చేతకాదు. బ్యాండును అంత బిగువుగా నడిపిన పెత్తనమే ఇంట్లో చెయ్యెత్తించింది. అలాగని అతని వాయిద్యాన్ని చెరిపెయ్యనూ లేను. 1958లో వచ్చిన ఓటిస్ రష్ పాట ‘డబుల్ ట్రబుల్’ ఒకసారి వినండి. రష్‌తో పాటు అందులో గిటార్ వాయించింది ఐక్ టర్నరే.