ఒకే తరగతి, ఒకే పాఠమా? కొల్లేటి తీరంలో పాఠ్య పథకం కథ

కొల్లేటి లంక గ్రామంలోని ఒక ప్రాథమికోన్నత పాఠశాలను ఊహించుకోండి. ఆరో తరగతిలో ముప్పై మంది ఉన్నారు. పదిమంది పాఠం గడగడా చదివేస్తారు. మరో పదిమంది ఒత్తుల దగ్గర, సంయుక్తాక్షరాల దగ్గర ఆగి ఆగి చదువుతారు. మిగిలినవారిలో కొందరికి గుణింతమే పూర్తిగా పట్టుబడలేదు. చేపల పట్టుబడి రోజుల్లో అమ్మానాన్నలతో చెరువు గట్టుకు వెళ్ళి, ఏడాదిలో చాలా పనిదినాలు బడికి దూరమైన పిల్లలు వీరిలో ఉంటారు. ఇంతమందికీ కలిపి రేపటి కోసం ఉపాధ్యాయుని డైరీలో ఉన్న పాఠ్య పథకం మాత్రం ఒక్కటే.

ఇది బడి పుట్టినప్పటి నుంచీ ఉన్న పరిస్థితేనని మనం అనుకుంటాం. నిజానికి మన ప్రాంతంలో దీని వయసు సుమారు నూట యాభై ఏళ్ళు. తరగతి మొత్తానికి ఒకే పాఠం అనే పద్ధతి ఎలా వచ్చింది, దాన్ని మార్చడానికి జరిగిన పెద్ద ప్రయత్నం ఆరో తరగతి గుమ్మం దగ్గర ఎందుకు ఆగిపోయింది అన్నవి ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. ఆ తరువాత ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల ఉపాధ్యాయుడు చేయగలిగినదేమిటో చూద్దాం.

వీధిబడిలో తరగతులు లేవు

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లాల కలెక్టర్లందరినీ తమ తమ జిల్లాల్లోని బడుల వివరాలు పంపమని కోరాడు. వచ్చిన జవాబుల్లో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక ప్రసిద్ధమైనది. ఆ జిల్లాలో 533 బడులున్నాయని, వాటిలో తెలుగు బడులు, కన్నడ బడులు రెండూ ఉన్నాయని ఆయన లెక్క చూపాడు. ముందు నేర్చుకున్న పిల్లవాడు వెనుకవానికి నేర్పే పద్ధతిని మెచ్చుకున్నాడు. పిల్లలు వల్లించే పద్యాల భాష వారికి గానీ, చాలాచోట్ల పంతులుకు గానీ అర్థం కాదని ఆ నివేదికలోనే విమర్శించాడు. ఈ రెండు మాటలనూ కలిపే చదవాలి. వీధిబడిని స్వర్గంగా చూపడమూ, చీకటి కొట్టుగా చూపడమూ రెండూ మన పుస్తకాల్లో కనిపిస్తాయి. ఆధారాలు ఈ రెండింటికీ ఒప్పుకోవు. పైగా ఆ అరుగు మీద చోటు దొరకని కులాలు ఎన్నో ఉన్నాయి. ఆడపిల్లలు ఏ కొద్దిమందో తప్ప లేరు.

మన విషయానికి కావలసిన అంశం ఒకటుంది. వీధిబడిలో జూన్‌లో మొదలై ఏప్రిల్‌లో ముగిసే తరగతి అనేది లేదు. పిల్లవాడు ఏ నెలలో చేరినా ఇసుకలో ఓనమాలతో మొదలుపెట్టేవాడు. అవి వచ్చాకే గుణింతానికి, గుణింతం వచ్చాకే పలకకు వెళ్ళేవాడు. కోతల కాలంలో నెల రోజులు రాకపోతే, ఆగిన చోటు నుంచే మళ్ళీ అందుకునేవాడు. అంటే పాఠం పిల్లవాని కోసం ఆగేది. మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమ పాఠశాలను నడిపిన ఆండ్రూ బెల్, ఇసుకలో రాసుకుంటున్న పిల్లలను చూసి, పిల్లలే పిల్లలకు నేర్పే పద్ధతిని తన బడిలో పెట్టాడు. 1797లో లండన్‌లో దానిపై పుస్తకం అచ్చువేయించాడు. ‘మద్రాసు పద్ధతి’ అనే పేరుతో అది ఇంగ్లండు బడుల్లోకి వెళ్ళింది.

రేటు బడులు, స్టాండర్డులు

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. కాలువల నీటితో డెల్టా రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడసాగాయి. రెండేళ్ళకు, 1854లో, రాజమండ్రి సబ్‌కలెక్టరు జి.ఎన్. టేలర్ చొరవతో నరసాపురంలోనూ, చుట్టుపక్కల మరికొన్ని ఊళ్ళలోనూ బడులు వెలిశాయి. నరసాపురం టేలర్ హైస్కూలు పేరులో ఆయన ఇప్పటికీ ఉన్నాడు. గ్రామ బడుల ఖర్చు కోసం రైతులు శిస్తుతో పాటు కొంత అదనపు సొమ్ము చెల్లించేందుకు ఒప్పుకున్నారు. ఆ సొమ్ముకు ‘రేటు’ అని పేరు. ఈ ఏర్పాటుకు చట్టబద్ధత కల్పించాలన్న అవసరమే 1863 నాటి మద్రాసు విద్యా చట్టానికి దారితీసింది. మన డెల్టా గ్రామాల బడి ఖర్చు మద్రాసులో చట్టం చేయించిందన్న సంగతి ఈ జిల్లాల విద్యార్థులు గుర్తుంచుకోదగినది.

సర్కారు సొమ్ము ఎక్కడికి వస్తే అక్కడికి తనిఖీ కూడా వస్తుంది. 1860ల చివరి నుంచి మద్రాసు రాష్ట్రంలో ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే విధానం బలపడింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలను స్టాండర్డు వారీగా నిలబెట్టి పరీక్షిస్తాడు. ఎంతమంది నెగ్గితే అంత గ్రాంటు. ఇక పంతులుకు పిల్లవాడు ఎక్కడున్నాడన్నది ముఖ్యం కాదు, ఇన్‌స్పెక్టరు వచ్చే నాటికి ఎక్కడుండాలన్నదే ముఖ్యం. నెగ్గుతాడనుకున్న వాని మీద శ్రద్ధ పెట్టడం, నెగ్గడనుకున్న వానిని వెనుక బెంచీకి పంపడం ఆ లెక్కలోంచే వచ్చాయి. ఆ విధానాన్ని ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో వదులుకున్నారు. వెనుక బెంచీ మాత్రం మిగిలింది.

పాఠ్య పథకం రాసే రూపం మరో దారిలో వచ్చింది. జర్మన్ తత్వవేత్త హెర్బార్ట్ (1776–1841) ఆలోచనలను ఆయన శిష్యులు ఐదు సోపానాలుగా మలిచారు. సన్నాహం, ప్రదర్శన, సంసర్గం, సాధారణీకరణం, అనువర్తనం అనే ఆ వరుస శిక్షణ కళాశాలల ద్వారా మనదాకా వచ్చి, నేటికీ బి.ఇడి. రికార్డుల్లో వేరువేరు పేర్లతో బతికే ఉంది. వరుసలో తప్పు లేదు. ఆ పట్టికలో ‘ఉపాధ్యాయుని కృత్యం’ అని ఒక గడి, ‘విద్యార్థి కృత్యం’ అని ఒక గడి ఉంటాయి. ‘విద్యార్థి’ ఏకవచనం. ముప్పై మంది ఆ ఒక్క గడిలో ఇమిడిపోవాలి.

ఆరు సూత్రాలు

ఈ గడిని పగలగొట్టే ప్రయత్నం మన రాష్ట్రంలోనే జరిగింది. బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం (ఏపీపీఈపీ) 1984లో ప్రయోగాత్మకంగా మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతటికీ విస్తరించి, 1996 దాకా నడిచింది. కొత్త గదులు కట్టారు, ఉపాధ్యాయ కేంద్రాలు పెట్టారు. ఆ తరం ఉపాధ్యాయులను అడిగితే గదుల కంటే ముందు ఆరు సూత్రాలే చెబుతారు. ఉపాధ్యాయుడు తానే కృత్యాలు రూపొందించుకోవాలి, పిల్లలు చేస్తూ కనుగొంటూ నేర్చుకోవాలి, వ్యక్తిగత, జట్టు, మొత్తం తరగతి పనులు మూడూ ఉండాలి, వైయక్తిక భేదాలకు చోటివ్వాలి, స్థానిక పరిసరాలను వాడుకోవాలి, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించి తరగతి గదిని ఆసక్తికరంగా ఉంచాలి.

నా అభిప్రాయం చెబుతాను. ఈ ఆరింటిలో కంటికి కనిపించేవి త్వరగా పాకాయి. గోడలకు తాళ్ళు కట్టారు, చార్టులు వేలాడాయి, పిల్లలు గుండ్రంగా కూర్చున్నారు. కంటికి కనిపించని నాలుగో సూత్రం, అంటే వైయక్తిక భేదాలు, వెనుకబడింది. గుండ్రంగా కూర్చున్న నాలుగు జట్లూ ఒకే పని చేస్తుంటే అది జట్టు పని కాదు, కూర్చునే పద్ధతి మాత్రమే. ఇది ఉపాధ్యాయుల బద్ధకం కాదు. ఒక పాఠానికి మూడు రకాల పనులు తయారు చేయాలంటే సమయం కావాలి, రెండు మూడు తరగతులు ఒకే పంతులు చూస్తున్న బడిలో ఆ సమయం లేదు.

ఆరో తరగతి గుమ్మం

ఏపీపీఈపీ ఒకటి నుంచి ఐదు తరగతులది. ప్రాథమికోన్నత స్థాయిలో సమస్య స్వరూపమే మారుతుంది. ఐదో తరగతి దాకా ఒకే ఉపాధ్యాయుడు కాబట్టి, పిల్లవాడు లెక్కలో తడబడితే అది లెక్క రాకనా, లెక్కలోని వాక్యం చదవలేకనా అన్నది ఆయనకు తెలుస్తుంది. ఆరు నుంచి సబ్జెక్టుకో ఉపాధ్యాయుడు. సామాన్యశాస్త్రం మాస్టారు ‘వీడికి భాష రాదు’ అంటారు, తెలుగు టీచరు ‘అక్షరాలు కింది తరగతుల్లో రావాలి’ అంటారు. పిల్లవాడు పీరియడుకో మనిషి చేతిలో పడి, ఎవరి చేతిలోనూ లేకుండా పోతాడు.

2009 విద్యాహక్కు చట్టం ఈ విషయంలో రెండు పనులు చేసింది. సెక్షన్ 4 ప్రకారం బడిబయటి పిల్లవానిని వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, మిగిలినవారితో సమానంగా వచ్చేందుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. అంటే ఒకే తరగతిలో పలు స్థాయిల పిల్లలు ఉండటం ఇక మినహాయింపు కాదు, చట్టం ఊహించిన పరిస్థితే. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు గణితం–సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రం, భాషలకు కనీసం ఒక్కొక్క ఉపాధ్యాయుడు ఉండాలని ఆ చట్టం అనుబంధం చెబుతుంది. ఈ రెంటినీ కలిపే పని, అంటే ఆ ముగ్గురూ ఒకచోట కూర్చుని పథకం రాసుకోవడం, ఏ చట్టమూ చేయలేదు.

దీని తరువాత 2012లో వచ్చిన ఆరో తరగతి సాంఘికశాస్త్ర పుస్తకం మంచి అడుగు వేసింది. కృష్ణా డెల్టాలోని పెనమకూరు, పీఠభూమిలోని డోకూరు, కొండల మీది పెనుగోలు అనే మూడు నిజమైన ఊళ్ళను పాఠాలు చేసింది. ఆ ఊళ్ళను చూపి ‘మీ ఊరు ఎలా ఉంది?’ అని అడిగే అవకాశం ఉపాధ్యాయునికి ఇచ్చింది.

ఆ అవకాశాన్ని పోగొట్టిన వారిలో నేనూ ఉన్నాను. ఏళ్ళ క్రితం ఛాత్రోపాధ్యాయుల బోధన పరిశీలనకు కొల్లేటి గట్టు మీది ఒక బడికి వెళ్ళాను. అక్కడ డెల్టా పాఠం చెప్పిన అమ్మాయి తెచ్చిన పటాలకు, అందంగా గడులు నింపిన పథకానికి మంచి మార్కులు వేశాను. పాఠం మధ్యలో వెనుక నుంచి ఒక కుర్రవాడు ‘ఉప్పుటేరు నీళ్ళు ఎండాకాలం వెనక్కి వస్తాయండి, అవి తాగితే ఉప్పగా ఉంటాయి’ అన్నాడు. ఆమె ‘తరువాత అడుగు’ అంది. నాకూ అప్పుడు అది అంతరాయంగానే తోచింది. ఆ పీరియడు మొత్తంలో భూగోళశాస్త్రం మాట్లాడినవాడు వాడొక్కడేనని నాకు తట్టేసరికి బస్సు ఏలూరు చేరింది.

నీరు ఎటు పోతుంది?

ఇప్పుడు ఆ కుర్రవాని మాట చుట్టూ రెండు వారాల పథకం వేసి చూద్దాం. అన్ని సబ్జెక్టులకూ ఒకే ప్రశ్న: బుడమేరులో, తమ్మిలేరులో పడిన వాన సముద్రం దాకా ఎలా వెళుతుంది? బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు నీరు కొల్లేటిలో చేరుతుంది. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు ఆ నీరు తరువాత లంకల దారులను ముంచింది కాబట్టి ఈ ప్రశ్న పిల్లలకు కొత్తది కాదు.

సాంఘికశాస్త్రంలో నీటి దారి పటం. గణితంలో విస్తీర్ణాలు: రామ్‌సార్ చిత్తడి నేలగా 2002లో గుర్తించినది 90,100 హెక్టార్లు, అంటే 901 చదరపు కిలోమీటర్లు. 1999లో ప్రకటించిన అభయారణ్యం +5 అడుగుల కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు. ఇది దానిలో ఎంత శాతం? సామాన్యశాస్త్రంలో, మబ్బు పట్టిన రాత్రి గడిచాక తెల్లవారుజామున చెరువులో బొచ్చె, శీలావతి నీటిపైకి వచ్చి నోరెందుకు తెరుస్తాయన్న ప్రశ్న. కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ రెండూ అందులో ఉన్నాయి. తెలుగులో, తాతనో అమ్మమ్మనో అడిగి దోనె, మావు, వల వంటి వేట పనిముట్ల మాటలు సేకరించడం.

భేదం ఎక్కడ వస్తుంది? ప్రశ్నలో కాదు, ప్రశ్నలోకి వెళ్ళే దారిలో. చదవడం రాని పిల్లవాడు ఏరుల పేర్లు, ఊళ్ళ పేర్లు రాసిన అట్టలను నేల మీద గీసిన పటంలో సరైన చోట పెడతాడు. అలా పెడుతూ ఆ పేర్లు చదవడం నేర్చుకుంటాడు. ఆగి ఆగి చదివేవారికి ఐదారు వాక్యాల చిన్న భాగం. ధారాళంగా చదివేవారికి 308, 901 లెక్క, దానితోపాటు +5 కాంటూరు మారితే ఎవరి భూమికి ఏమవుతుందన్న ప్రశ్న. చివరి రోజు మూడు జట్ల పనీ ఒకే గోడ పటం మీదికి చేరాలి. ఒక జట్టు లేకపోతే పటం పూర్తి కాకూడదు. ద్విభాషా పుస్తకం ఉన్నచోట ఎదురెదురు పేజీలను కూడా ఇలాగే వాడవచ్చు. తెలుగు పేజీలో అర్థం, ఇంగ్లిషు పేజీలో ఆ మాట వెతుకులాట.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. జట్లు సబ్జెక్టుకూ వారానికీ మారాలి. మారకపోతే నెల తిరిగేసరికి ‘అట్టల జట్టు’ అంటే లంక నుంచి నడిచి వచ్చే పిల్లలు, ‘లెక్కల జట్టు’ అంటే ఊళ్ళో మేడల పిల్లలు అయిపోతారు. వెనుక బెంచీ గుండ్రంగా వచ్చి కూర్చుంటుంది. రెండోది మరింత సున్నితమైనది. 2006లో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తొలగించింది. ఆ తరగతిలో చెరువు పోయిన ఇల్లు ఉంటుంది, చెరువుల వల్ల నల్లచేపల వేట పోయిన ఇల్లు కూడా ఉంటుంది. ‘కొల్లేటిని కాపాడుకుందాం’ అనే నినాదంతో పాఠం ముగిస్తే ఒక పిల్లవాడు తన తండ్రిని దోషిగా భావిస్తూ ఇంటికి వెళతాడు. ఇరువురి వాదనా పిల్లల నోట వినిపించాలి, తీర్పు ఉపాధ్యాయుడు చెప్పనక్కరలేదు.

తాడేపల్లిగూడెంలో పనిచేసే ఉపాధ్యాయునికి కొల్లేరు అక్కరలేదు. మెట్ట, డెల్టా కలిసే ఊరది. అక్కడి ఉల్లి మార్కెట్టుకు కర్నూలు, మహారాష్ట్ర సరుకు వస్తుంది. ధర, తరుగు, దూరం, కమీషను అన్నీ గణిత పాఠాలే. హమాలీ కూతురికి బస్తా తూకం నోటిలెక్కన వస్తుంది, కాగితం మీద భాగహారం రాదు. ఆమెకు పథకంలో రాసుకోవలసినది ఆ రెండింటి మధ్య దూరమే.

రికార్డు రాసేటప్పుడు మీరు ‘విద్యార్థి కృత్యం’ గడిని మూడు వరుసలుగా చీల్చండి. ప్రతి వరుసలో ఆ వారం ఆ పని చేసే పిల్లల పేర్లు పెన్సిలుతో రాయండి, వచ్చే వారం చెరపవలసి ఉంటుంది. పేర్లు తెలియక వరుస ఖాళీగా ఉంటే, పథకం రాయడం ఆపి ముందు ఒక పీరియడు పిల్లల చేత చదివించి వినండి.