బాకా, కీర్తన, గాజు మందిరం

1878లో ఇంగ్లండులోని సాల్స్‌బరీ వీధుల్లో సాల్వేషన్ ఆర్మీవాళ్లు సువార్త చెబుతుంటే అల్లరిమూకలు మీదపడేవి. ఛార్లెస్ ఫ్రై అనే కాంట్రాక్టరు ముగ్గురు కొడుకులతో వాళ్లకు అండగా నిలిచాడు. వస్తూ వస్తూ ఇంట్లో ఉన్న బాకాలూ తెచ్చాడు. కాపలాకని వచ్చిన కుటుంబం కాస్తా బ్యాండు మేళమైంది! తర్వాత తాగుబోతుల నోళ్లలో నానిన ‘ఛాంపేన్ చార్లీ’ వరసకే భక్తి మాటలు కట్టి పాడారు. 1882లో ఆ సంస్థ తరఫున బొంబాయిలో దిగిన బూత్-టక్కర్ కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాడు. సంఘంలోకి లోకాన్ని ఎంతవరకు రానివ్వాలన్న తగువు అప్పటికే పాతది.

మన దగ్గర ఆ తగువు పాట దగ్గరే తేలింది. పురుషోత్తమ చౌధరి (1803–1890) క్రీస్తు కీర్తనలకు కర్ణాటక రాగాలూ తాళాలూ పట్టాడు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరిస్తే పాటల నెత్తిన రాగం పేరు, తాళం పేరు కనిపిస్తాయి. దాన్ని ఎర అనడానికి నాకు నోరు రాదు. కొత్తవాళ్లను పిలవడానికి ఒక రాగం, వచ్చినవాళ్లకు మరో రాగం లేదక్కడ. పిలిచిన పాటే ప్రార్థనలోనూ పాడుకున్నారు. 1978లో ‘కరుణామయుడు’ వచ్చాక సినిమా తెర కూడా ఊరూరా తిరిగింది. అది మాత్రం చూసి ఇంటికెళ్లే సరుకు.

అసలు ఎర సంగతి తెలియాలంటే కాలిఫోర్నియా వెళ్లాలి. 1955లో రాబర్ట్ షుల్లర్ అనే పాస్టరు గార్డెన్ గ్రోవ్ దగ్గర కార్లలో కూర్చుని సినిమా చూసే థియేటరును ఆదివారం పొద్దుటిపూటకి అద్దెకు తీసుకున్నాడు. తినుబండారాల కొట్టు పైకప్పెక్కి ప్రసంగించాడు. కారు దిగక్కర్లేదు, సూటు తొడుక్కోనక్కర్లేదు. చర్చి గడప తొక్కడానికి మొహమాటపడేవాళ్లకు అది నిజంగా ఊరట. ఆ ఎత్తును నేను తప్పుపట్టను. కానీ ఎత్తు అక్కడితో ఆగలేదు. 1970లో టీవీ కార్యక్రమం, 1980లో పదివేలకు పైగా అద్దాలతో క్రిస్టల్ కెథీడ్రల్. క్రిస్మస్ నాటకంలో నిజం ఒంటెలు నడిచేవి, దేవదూతలు తీగలకు వేలాడుతూ జనం నెత్తిన ఎగిరేవారు.

షికాగో శివారులో 1975లో మొదలైన విల్లో క్రీక్ సంఘం ఇంకాస్త లెక్కగా నడిచింది. చర్చికి ఎందుకు రారని ముందే ఇంటింటికీ తిరిగి అడిగారు. వచ్చిన జవాబులను బట్టి ఆరాధనను మలిచారు. వేలమంది వచ్చారు. అయితే 2007లో ఆ సంఘమే తన సర్వే ఫలితాలు బయటపెట్టింది: కార్యక్రమాలకు ఎక్కువగా వచ్చినంత మాత్రాన భక్తి పెరగడం లేదని. ఆ మాట వాళ్లంతట వాళ్లే ఒప్పుకోవడం నాకు నచ్చింది.

గాజు మందిరం కథ మాత్రం కోర్టుకెక్కింది. 2010లో దివాలా పిటిషన్ వేసినప్పుడు అప్పులవాళ్లలో నాటకానికి జంతువులను సరఫరా చేసినవాళ్లూ ఉన్నారు! ఒంటెల బాడుగ బాకీ పడింది. చివరికి ఆ ప్రాంతపు కతోలిక మేత్రాసనం 5.75 కోట్ల డాలర్లకు మందిరాన్ని కొనుక్కుని, అద్దాల లోపలివైపు ఎండను అడ్డుకునేలా రేకులు బిగించి, 2019లో ప్రతిష్ఠ చేసింది. ఇప్పుడక్కడ స్పానిష్‌లో, వియత్నామీలో కూడా దివ్యబలిపూజలు జరుగుతున్నాయి. ఎవరి భాషలో వాళ్లు పాడుకుంటున్నారు.