సైనిక సేవ – ఉన్నత విద్య: ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంతాల దృష్ట్యా ఒక చారిత్రక పరిశీలన

ప్రవేశిక

ఉదయగిరి పేరు సైనిక చరిత్రలో శ్రీకృష్ణదేవరాయల దండయాత్రతో ముడిపడి ఉంది. 1514లో ఆయన గజపతుల నుంచి ఈ గిరిదుర్గాన్ని స్వాధీనం చేసుకున్నాడు. ఆధునిక కాలంలో సైన్యానికీ ఈ సీమకూ గల సంబంధాన్ని దుర్గంలో కాక, సైనికుని ఇంటి రాబడిలోనూ అతని పిల్లల చదువులోనూ వెతకవలసి ఉంటుంది. పెన్నా డెల్టాతో పోలిస్తే నెల్లూరు జిల్లా పడమటి భాగం మెట్ట. వానను నమ్ముకున్న సేద్యం గల ఇంట సైనికుని జీతం, పింఛను స్థిరమైన ఆదాయాలు. ఆ ఆదాయం, దానికి తోడైన విద్యాసహాయం కళాశాల చదువుకు ఎంతవరకు తోడ్పడ్డాయన్నది ఇక్కడ పరిశీలనాంశం.

రెండు నమూనాలు

1944 జూన్ 22న అమెరికాలో అమలులోకి వచ్చిన చట్టం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుణ్ణే విద్యార్థిగా భావించింది. దాని కింద దాదాపు 22 లక్షల మంది కళాశాలల్లో చేరారు. అదే యుద్ధంలో సుమారు 25 లక్షల మంది భారతీయులు పనిచేసినా, వారికి కళాశాల విద్యను హక్కుగా ఇచ్చే అటువంటి చట్టం రాలేదు. ఆనాటి అక్షరాస్యతాస్థితిలో వారిలో అత్యధికులకు కళాశాల దూరపు మాట.

స్వతంత్ర భారతంలో సహాయం ప్రధానంగా సైనికుని సంతానం వైపు మళ్ళింది. 1971 యుద్ధానంతరం అమరులైన, కనిపించకుండా పోయిన, శాశ్వత వికలాంగులైన సైనికుల పిల్లలకు విద్యా రాయితీలు ప్రకటించారు. 2017లో ఈ రాయితీపై నెలకు 10,000 రూపాయల పరిమితి విధించి, విమర్శల అనంతరం 2018లో తొలగించారు. 2006–07లో ప్రధానమంత్రి ఉపకారవేతన పథకం మొదలైంది. 2019లో దీని మొత్తాన్ని బాలురకు నెలకు 2,500, బాలికలకు 3,000 రూపాయలకు పెంచారు.

ఈ క్రమానికి ఒక హేతువుంది. ఇరవై ఏళ్ళలోపు సైన్యంలో చేరిన సిపాయి పదిహేను, పదిహేడేళ్ళ సేవ తరువాత ఇంటికి చేరేసరికి చదువు వయసు అతనిది కాదు, అతని బిడ్డలది.

మెట్ట విద్యార్థికి ఎదురయ్యే షరతులు

ప్రధానమంత్రి ఉపకారవేతనం వృత్తివిద్యా కోర్సులకే వర్తిస్తుంది. అర్హత పరీక్షలో 60 శాతం మార్కులు ఉండాలి. మొదటి సంవత్సరంలో చేరినప్పుడే దరఖాస్తు చేయాలి. ఆ గడువు దాటితే అవకాశం పోయినట్లే. సాధారణ బి.ఎ., బి.కాం., బి.ఎస్సీ. చదివేవారు దీని పరిధిలోకి రారు. ఇంటికి దగ్గరలో డిగ్రీతో సరిపెట్టుకొనే విద్యార్థికి మిగిలేది రక్షామంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి. హవల్దారు, అంతకు దిగువ హోదాల వారి పిల్లల్లో ఇద్దరికి డిగ్రీ వరకు ఇది నెలకు 1,000 రూపాయలు ఇచ్చేది. 2025 నవంబరు నుంచి ఆ మొత్తం 2,000 అయింది. అంటే పట్నంలో వృత్తివిద్య చదవగలిగిన వానికి ఎక్కువ, ఊరికి చేరువలో చదివేవానికి తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్ ప్రవేశాల్లో సైనికుల పిల్లలకు ఉన్న 2 శాతం రిజర్వేషన్ కూడా ప్రవేశ పరీక్ష గట్టెక్కిన తరువాతి మాటే. పైగా పత్రాల ధ్రువీకరణకు నెల్లూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమే ఆధారం.

అగ్నిపథ్ తెచ్చిన మలుపు

2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం పై క్రమాన్ని తలకిందులు చేసింది. పదిహేడున్నర ఏళ్ళకే చేరగల యువకుడు నాలుగేళ్ళకే తిరిగివస్తాడు. 25 శాతానికి మించకుండా మాత్రమే కొనసాగింపు. తక్కినవారికి పింఛను లేదు, మాజీ సైనికుల హోదా లేదు. కాబట్టి తండ్రి సేవ బిడ్డ చదువుగా మారే దారి వారి విషయంలో మూసుకుపోయింది. శిక్షణను డిగ్రీలో 50 శాతం క్రెడిట్లుగా పరిగణించే ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయ కోర్సు, సుమారు 11.71 లక్షల సేవానిధి వారికి దక్కుతాయి.

ముగింపు

చదువు వయసులోనే తిరిగివచ్చే అగ్నివీరుడు 1944 నాటి అమెరికా సైనికుణ్ణి తలపిస్తాడు. అయితే ఆనాటి చట్టం రుసుమును, జీవనభృతిని విద్య కోసమే కేటాయించింది. సేవానిధికి అటువంటి నిర్దేశం లేదు. ఆ సొమ్ము కళాశాల రుసుముకా, బోరుబావికా, చెల్లెలి పెండ్లికా అన్నది మెట్ట కుటుంబమే తేల్చుకోవాలి. మునుపు రెండు తరాలకు విస్తరించిన ప్రయోజనం ఇప్పుడు ఒక తరంలో, ఒకే నిర్ణయంలో ముగుస్తున్నది. సైనిక సేవను ఉన్నత విద్యకు సోపానంగా పరిగణించే ఏ అధ్యయనమైనా ఈ మార్పును గుర్తించక తప్పదు.