కబడ్డీలో రైడర్ రక్షణ నియమాలు

కబడ్డీలో ప్రత్యర్థి సగంలోకి ఒంటరిగా కూతకు వెళ్లే ఆటగాడిని రైడర్ అంటారు. అతన్ని పట్టుకునేటప్పుడు ఎదుటి జట్టు శరీరంలో ఏ భాగాన్ని పట్టవచ్చో, ఎటువంటి బలాన్ని వాడకూడదో, హద్దు మీరితే తీర్పు ఎవరి పక్షాన వెలువడాలో చెప్పే నిబంధనలే రైడర్ రక్షణ నియమాలు. ఇవి నియమావళిలో ఒకే అధ్యాయంగా కనిపించవు. కొన్ని ఆట నిబంధనల్లోనూ, కొన్ని ఫౌళ్ల జాబితాలోనూ, మరికొన్ని ఆటగాళ్ల దుస్తులు, బరువులకు సంబంధించిన భాగాల్లోనూ చెదిరి ఉంటాయి. వాటిని ఒకచోట చేర్చి చూస్తే, ఇవి మొదట ఆటగాడి ఒంటిని కాపాడడానికి కాక, అతని కూతను కాపాడడానికి పుట్టాయన్న అభిప్రాయం కలుగుతుంది.

తెలుగు పల్లెల్లో చెడుగుడు పేరుతో సాగిన ఆటకు రాసిపెట్టిన నిబంధనలు లేవు. ఊపిరి బిగబట్టి కూత వేస్తూ వెళ్లినవాడు అవతలివారిని తాకి, కూత తెగకుండా గీత చేరుకోవాలి. కూత తెగేదాకా అతన్ని ఆపగలిగితే అవతలి జట్టు గెలుస్తుంది. ఈ సూత్రంలోనే ప్రమాదం దాగి ఉంది, ఎందుకంటే కూత తెగడమే ఓటమి అయినప్పుడు దాన్ని తెంచడానికి అతి సులువైన మార్గం నోరు మూయడమో, గొంతు నొక్కడమో అవుతుంది. వాడుకలో ఉన్న నియమావళి ఈ రెండింటినీ నిషేధిస్తూ, అదే వాక్యంలో గాయాలకు దారితీసే మొరటు పట్టునూ, కత్తెర పట్టునూ చేర్చింది. నోరు మూయడం ముందు, గాయపరచడం తర్వాత రావడంలో చరిత్ర జాడ ఉందనుకోవడం అతిశయోక్తి కాదు: న్యాయం కోసం పెట్టిన నిబంధన వెంట భద్రత నడిచి వచ్చింది.

ఆటకు లిఖిత నియమాలు ఏర్పరిచే ప్రయత్నం మహారాష్ట్రలో మొదలైంది. 1923లో బరోడాలోని హింద్ విజయ్ జింఖానా నియమాలను అచ్చువేసి అఖిల భారత పోటీ నిర్వహించింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సందర్భంగా అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండల్ ఈ ఆటను ప్రదర్శించింది. ఈ అమరావతి మహారాష్ట్రలోనిది, కృష్ణా తీరంలోనిది కాదు. 1950లో అఖిల భారత కబడ్డీ సమాఖ్య ఏర్పడింది, 1952లో మద్రాసులో తొలి జాతీయ పోటీలు జరిగాయి, 1972లో భారత అమెచ్యూర్ కబడ్డీ సమాఖ్య రూపుదిద్దుకుంది. ఈ క్రమంలో ఔటైనవారు తిరిగి బరిలోకి వచ్చే సంజీవని, తిరిగి రాని జెమిని, ఔటైనా బయటికి వెళ్లని అమర్ వంటి ప్రాంతీయ రీతుల్లో సంజీవని పద్ధతే జాతీయ ప్రమాణంగా నిలిచింది. ఊరి పెద్ద తీర్పుతో నడిచిన ఆటకు రిఫరీ, ఇద్దరు అంపైర్లు, గీతల దగ్గర సహాయకులు వచ్చారు. ఏది మొరటు పట్టో నిర్ణయించే అధికారం వారి చేతికి మారింది.

రక్షణ నియమాల్లో ముఖ్యమైనది పట్టు స్థానానికి సంబంధించినది. రైడర్‌ను చేతులు, కాళ్లు, మొండెం మినహా మరే భాగంలోనూ కావాలని పట్టుకోరాదు. కాబట్టి తల, మెడ, జుట్టు, దుస్తులు పట్టుకు అందవు. ఈ హద్దు మీరితే రైడర్ నాట్ ఔట్. దీని ప్రత్యేకత శిక్ష స్వభావంలో ఉంది. నేరం చేసిన డిఫెండర్‌ను ముందుగా దండించడం కాక, నేరం వల్ల దక్కాల్సిన లాభాన్ని రద్దు చేయడమే దీని పని, అంటే గొంతు పట్టి ఆపిన జట్టుకు రైడర్ దక్కడు. తప్పు చేసి లాభపడే అవకాశం లేకుండా పోవడం వల్ల, పెద్ద శిక్షలేవీ లేని కాలంలోనూ ఈ నియమం కొంతవరకు తనంత తానే అమలయ్యేది. ఆటగాళ్లను హెచ్చరించే ఆకుపచ్చ కార్డు, రెండు నిమిషాలు బయట కూర్చోబెట్టే పసుపు కార్డు, మ్యాచ్ నుంచి పంపేసే ఎర్ర కార్డు ఇప్పుడు దానికి తోడుగా ఉన్నాయి.

కత్తెర పట్టును విడిగా పేర్కొనడానికి కారణం ఉంది. డిఫెండర్ తన రెండు కాళ్లను రైడర్ కాళ్ల చుట్టూ కత్తెరలా బిగించి పడదోసినప్పుడు, పాదం నేలకు ఆనుకుని ఉండగా పై శరీరం మరోవైపు తిరుగుతుంది. మెలి అంతా మోకాలి మీద పడుతుంది. చీలమండ పట్టు, తొడ పట్టు, నడుము పట్టు, ఇద్దరు డిఫెండర్లు చేయి చేయి కలిపి వేసే గొలుసు పట్టు మాత్రం చెల్లుతాయి, ఎందుకంటే వాటిలో పట్టేది చేయి, కాలు లేదా మొండెమే. అయితే రైడర్ పాయింటు సంపాదించే సాధనాల్లో వెనక్కి తన్నడం, పక్కకు తన్నడం, బొటనవేలు చాచి తాకడం ముఖ్యమైనవి. ఆ క్షణంలో అతను ఒంటికాలి మీద ఉంటాడు, డిఫెండర్ చీలమండ కోసం దూకేది కూడా సరిగ్గా అప్పుడే. కబడ్డీ నియమావళి ఆ క్షణానికి ప్రత్యేక రక్షణ ఏదీ ఇవ్వలేదు, తన్నే కాలును అందుకోవడం ఆటలో నేర్పుగానే గుర్తింపు పొందింది.

ఈ విషయంలో రగ్బీ లీగ్‌తో పోలిక ఉపయోగపడుతుంది. ఆ ఆటలోనూ బంతిని కాలితో తన్నే ఆటగాడు ఒంటికాలి మీద, చూపు బంతి మీద ఉంచి, ఎదురొచ్చేవారిని కాచుకోలేని స్థితిలో ఉంటాడు. బంతి కాలిని వదిలిన తర్వాత అతన్ని ఢీకొంటే తప్పు జరిగిన చోట కాక బంతి పడిన చోట పెనాల్టీ ఇస్తారు. దాంతో తన్నడం వల్ల జట్టు సంపాదించిన దూరమూ దానికే మిగులుతుంది. లాభాన్ని రద్దు చేయాలన్న కబడ్డీ సూత్రమే ఇక్కడ మరో రూపంలో కనిపిస్తుంది. రగ్బీ యూనియన్‌లోనూ అప్పుడే బంతిని తన్నిన ఆటగాడిని కావాలని ఢీకొనడం నిషిద్ధం. ఆ ఆటలో ఏడేసి మంది ఆడే రూపంతోనే 2025లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ జట్టు పాల్గొంది, కాబట్టి ఈ నియమాలు తెలుగు ప్రేక్షకులకు ఇక పూర్తిగా పరాయివి కావు.

కబడ్డీలో దేహాలు తగలకుండా ఆడడం అసాధ్యమన్నది బరి కొలతలే చెబుతాయి. పురుషుల బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంటే దాదాపు 155 చదరపు గజాలు, ఒక చిన్న ఇంటి స్థలమంత. అందులో సగంలో ఏడుగురు డిఫెండర్ల మధ్య రైడర్ మసలాలి. మహిళల బరి 12 మీటర్లు, 8 మీటర్లు. ఇంత ఇరుకులో రక్షణ రెండు దారుల్లో సాధ్యం: పట్టు తీరును నియంత్రించడం, పట్టేవారి బరువును నియంత్రించడం. గోళ్లు కత్తిరించుకోవాలని, ఆభరణాలు ధరించరాదని, ఒంటికి నూనె వంటివి పూసుకోరాదని చెప్పే నిబంధనలు మొదటి దారికి చెందుతాయి. రెండో దారిలో సీనియర్ పురుషులకు 85 కిలోలు, మహిళలకు 75 కిలోల గరిష్ఠ బరువు అమలులో ఉంది.

హద్దు బయటికి నెట్టే విషయంలో మార్పు మరింత ఆసక్తికరంగా ఉంటుంది. ప్రత్యర్థిని కావాలని బరి బయటికి నెట్టకూడదని పాత నియమావళులు చెప్పాయి. నేటి వృత్తి కబడ్డీలో పరుగెత్తి వచ్చి రైడర్‌ను భుజంతో ఢీకొని గీత దాటించే పట్టుకు డ్యాష్ అన్న పేరు స్థిరపడింది, ప్రేక్షకులు దానికి లేచి చప్పట్లు కొడతారు. నియమం ఎప్పుడు, ఏ క్రమంలో సడలినా, రైడర్ రక్షణ ఒకే దిశలో పెరుగుతూ పోలేదన్నదానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు.

2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలవడంతో రక్షణ నియమాల మీద కొత్త ఒత్తిడి వచ్చింది. తెలుగు టైటన్స్ తొలి సీజన్ నుంచీ అందులో ఉంది. విశాఖపట్నం, హైదరాబాద్ ఆ జట్టు సొంత వేదికలుగా ఉంటూ వచ్చాయి. రైడ్‌కు 30 సెకన్ల గడువు ఏర్పడింది. ఊపిరి ఎంతసేపు నిలుస్తుందన్న ప్రశ్న స్థానంలో గడియారం వచ్చింది కాబట్టి కూతను తెంచడానికి నోరు మూయాలన్న ఆకర్షణ చాలావరకు తగ్గింది, నిబంధన మాత్రం అలాగే ఉంది. మరోవైపు, వరుసగా రెండు రైడ్లు పాయింటు లేకుండా ముగిస్తే మూడో రైడ్‌లో పాయింటు తేవాలని, లేదంటే రైడర్ ఔటవుతాడని చెప్పే డూ ఆర్ డై నియమం అతన్ని డిఫెండర్ల మధ్యకు బలవంతంగా తోస్తుంది. ముగ్గురు లేదా అంతకన్నా తక్కువ డిఫెండర్లు ఉన్నప్పుడు పట్టుకు అదనపు పాయింటు ఇచ్చే సూపర్ ట్యాకిల్ నియమం వారిని తెగించి దూకేలా ప్రోత్సహిస్తుంది. రైడర్‌ను కాపాడే వాక్యాలూ, అతన్ని ప్రమాదంలోకి పంపే వాక్యాలూ ఒకే పుస్తకంలో ఇరుగుపొరుగున కూర్చున్నాయి. టీవీ ప్రేక్షకులకు రెండో రకం వాక్యాలే ఎక్కువగా గుర్తుంటాయి.

ఆట మట్టి మీద నుంచి సింథటిక్ మ్యాట్ మీదికి మారడం దీనికి తోడైన మార్పు. మట్టిలో పడితే చర్మం గీసుకుపోతుంది, కానీ కాలు జారి మెలి నుంచి తప్పించుకునే వీలుంది. మ్యాట్ పడినప్పుడు మెత్తగా ఆదుకున్నా, బూటు పట్టు గట్టిగా ఉండి పాదాన్ని కదలనివ్వదు. అందువల్ల గాయాల స్వభావం పట్టు తీరు మీదనే కాక నేల మీద కూడా ఆధారపడుతుంది. ఈ సంగతిని రాతపూర్వక నియమాలు పెద్దగా పట్టించుకోవు.

రక్షణ ఒక పక్షానికే ఎక్కువగా ఉందన్న విమర్శకు పవన్ సెహ్రావత్ ఉదాహరణ బలాన్నిస్తుంది. దేశంలో పేరుపొందిన రైడర్లలో ఒకరైన ఆయన ప్రో కబడ్డీ లీగ్ 2022 సీజన్‌లో తమిళ్ తలైవాస్ తరఫున తొలి మ్యాచ్‌లోనే మోకాలికి గాయమై సీజన్ మొత్తానికి దూరమయ్యారు. గాయమైంది కూతకు వెళ్లినప్పుడు కాదు, ప్రత్యర్థి రైడర్‌ను పట్టుకునే ప్రయత్నంలో. మరుసటి ఏడాది వేలంలో తెలుగు టైటన్స్ ఆయనను 2.605 కోట్ల రూపాయలకు తీసుకుంది. డిఫెండర్ తల మీద రైడర్ మోకాలు తగిలినా, ఎగిరి దూకిన డిఫెండర్ తన బరువు కిందే తాను నలిగినా నియమావళిలో స్పష్టమైన పరిహారం దొరకడం అరుదు.

పెద్ద వేదికల్లో వీడియో సమీక్ష ఉంది కాబట్టి మెడ పట్టు పడిందా, భుజం పట్టు పడిందా అన్నది నెమ్మదిగా తిప్పి చూడవచ్చు. 2024 అక్టోబర్ 18న గచ్చిబౌలిలో మొదలైన ప్రో కబడ్డీ లీగ్ పదకొండో సీజన్‌లోనూ ఆ సౌకర్యం జట్లకు ఉంది. పాఠశాల, మండల స్థాయి పోటీల్లో నిర్ణయం ఇంకా ఒక్క అంపైర్ కంటి చూపు మీదే ఆధారపడుతుంది. కుప్పగా పడిన ఐదారుగురి కింద ఉన్న రైడర్ గొంతు మీద ఎవరి చేయి ఉందో ఆయన ఈల వేసేలోపే తేల్చాలి.