నడిమి దారికి పూలు కట్టిందెవరు?

దళితుల చరిత్ర అనగానే మన చరిత్రకారులు దాడులు, కమిషన్ల దగ్గర ఆగిపోతారు. పెళ్లి పందిరి వాళ్ల కంటికి ఆనదు. మేము ఒంగోలు, చీరాల ప్రాంతపు పల్లెల్లో చర్చి పెళ్లికి కట్టే పూల నుంచే మొదలుపెడుతున్నాం.

ఊళ్లో పెళ్లికి డప్పు కొట్టేది మాదిగలు. చెప్పులు కుట్టేదీ వాళ్లే. కానీ చాలా ఊళ్లలో వాళ్లింటి పెళ్లికొడుకు ఊరి బజార్లో ఊరేగడానికి వీల్లేదు. పూలూ మేళమూ పల్లె దాటకూడదు.

1878 జులై 3న, కరువు చివర్లో, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. తిండి కోసం మారారని ఈనాటికీ అనేవాళ్లున్నారు. బకింగ్‌హాం కాలువ కరువు పనులు సాగినన్నాళ్లూ క్లౌ దొర బాప్తిస్మాలు ఇవ్వకుండా ఆపాడన్న సంగతి మాత్రం చెప్పరు. మారినవాళ్లు ఊరి జాతరలకు డప్పు కొట్టమన్నారు. అసలు కోపం అక్కడుంది.

1872 క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం మామూలుగా పెళ్లి ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు జరగాలి. అంటే పట్టపగలు, నలుగురి ఎదుట. పల్లె చర్చిలో బల్లలుండవు. ఆడవాళ్లు ఒకపక్క, మగవాళ్లు ఒకపక్క చాపల మీద కూర్చుంటారు. మధ్యలో దారి. దానికి అటూఇటూ అరటి బోదెలు, కొబ్బరి మట్టలు, మామిడి తోరణాలు, రంగు కాగితాల పూలు. ఇది దొరల అనుకరణ అంటారు. దారి దొరలదే కావచ్చు, ఆకులూ పూలూ మనవి. ముందురోజు రాత్రి మేలుకొని కట్టింది పల్లె కుర్రాళ్లు. ఎవర్నీ అడక్కుండా మన ఆడపిల్ల పూల మధ్య తలెత్తి నడిచిన దారి అది.

అట్లాగని చర్చిని ఆకాశానికెత్తడం లేదు. మాల, మాదిగ తేడా చర్చిలోనూ ఉంది. గడప దాటితే మళ్లీ అదే ఊరు. 1985 జులై 17న కారంచేడులో మాదిగల్ని చంపితే, బతికినవాళ్లు చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. పెళ్లి పూలు కట్టే చోటే శిబిరమైంది.

దళితుల పెళ్లి ఊరేగింపును అడ్డుకోవడం నేరమని అట్రాసిటీ చట్టంలో 2015లో ప్రత్యేకంగా రాయాల్సివచ్చింది. చర్చిలో ఆ నడిమి దారి పట్టుమని పది గజాలుండదు. అది ఊరి బజారు దాకా సాగాలి. ఆ పని మనదే.