అమరాబాదు నల్లమల: అరణ్యప్రకృతి, జనావాసములు

నల్లమల తూర్పు కనుమలలో నొక భాగము. ఇది ప్రధానముగా కృష్ణా పెన్నా నదుల నడుమ వ్యాపించియున్న పర్వతారణ్యము. కృష్ణకు ఉత్తరపు గట్టున, నేటి నాగర్‌కర్నూలు జిల్లాలో, ఆ పర్వతశ్రేణికి కొనసాగింపుగా నిలిచిన ఉన్నత భూభాగమును అమరాబాదు పీఠభూమి యందురు. మిక్కిలి ఎత్తైన శిఖరములు నల్లమల దక్షిణభాగముననే కలవు గాని, అరణ్యము మనుష్యావాసమును ఏ విధముగ శాసించునో తెలిసికొనగోరు వారికి ఈ ఉత్తరభాగమే ఎక్కువ బోధపరచును.

పూర్వము సంస్థానకేంద్రమై, చేనేతకు పేరొందిన వనపర్తి జిల్లా ఆత్మకూరు వద్ద కృష్ణానది విశాలమైన మైదానమున, జూరాల ఆనకట్ట వెనుక పరచుకొని, కాలువలద్వారా పొలములకు నీరందించుచు కనబడును. (నల్లమల పశ్చిమపు అంచున, నంద్యాల జిల్లాలో నున్న ఆత్మకూరు వేరు.) అలంపురము చేరువను తుంగభద్రను కలుపుకొని, కొల్లాపురము వైపున సోమశిల దాటిన పిమ్మట, ఇరుప్రక్కల కొండలు దగ్గరకు జరిగి నదిని లోతైన ఇరుకుదారిలోనికి త్రోయును. ఎగువన పంటపొలములకు ప్రాణమైన ఆ నీరే ఇచట నిలువుగోడలవంటి శిలల క్రింద ప్రవహించుటచే, పైనున్న పీఠభూమివారికి కంటికి కనబడియు చేతికందదు.

ఇచటి శిలలు అతిప్రాచీనములు. కఠినమైన క్వార్ట్‌జైటు రాతిపొరలును, వానితోపాటు పలకరాయియు హెచ్చు. నైరృతి ఋతుపవనముల కాలమున కురిసిన వర్షము పలుచని మట్టిపొరను తడిపి, వాగులై పరుగెత్తి, లోయలలోనికి జారిపోవును. ఫాల్గుణము వచ్చునప్పటికి పెక్కు వాగులు ఇసుకచారలుగా మిగిలిపోగా, రాతిపగుళ్లనుండి ఊరు చెలమలును, లోయల యడుగున నిలిచిన గుండములును మాత్రమే మిగులును. పులి మొదలుకొని మనుష్యునివరకు వేసవి నెలలలో ఎవరెచ్చట నుండవలెనో నిర్ణయించునవి ఇవియే.

ఆకురాల్చు శుష్కారణ్యమగుటచే ఈ అడవి వర్షాకాలమున దుర్గమమై, వేసవిలో మోడై, ఒకే స్థలము రెండు వేర్వేరు దేశములవలె తోచును. నల్లమద్ది, టేకు, ఏగిస, చిరుమాను, తునికి, ఇప్ప, వెదురు ఇచటి ప్రధానవృక్షజాతులు. వాని నడుమ బోదగడ్డి మనిషెత్తు పెరుగును. పులి, చిరుత, ఎలుగుబంటి, రేచుకుక్క, కణితి, దుప్పి, మనుబోతు ఇందు సంచరించును.

ఈ అరణ్యమునకు చిరకాలవాసులు చెంచులు. వారి మాతృభాష తెలుగు. కొలదిపాటి కుటుంబములు కలిసియుండు వారి నివాసమును పెంట యందురు. వెదురు తడికెతో గుండ్రని పొట్టిగోడ కట్టి, దానిపై గడ్డితో శంకువువంటి కప్పు వేసిన గుడిసెలు పెంటలో ఎడమెడముగా నుండును. అప్పాపూరు, భౌరాపూరు, మేడిమల్కల మొదలగునవి ప్రసిద్ధమైన పెంటలు. ఒక్కొక్క సమూహమునకు వేటాడుటకును, గడ్డలు త్రవ్వుకొనుటకును, తేనె తీయుటకును ఉమ్మడిగా హక్కున్న అటవీభాగముండెడిది. అందలి కుటుంబము భర్తవైపు పెంటలోనైనను భార్యవైపు పెంటలోనైనను నిలువ స్వేచ్ఛ కలది. ఇప్పపూత వేళకు, నీరు తగ్గిన పెంటను విడిచి, చెట్లకును చెలమకును చేరువలో తాత్కాలికముగా ఆకుపందిళ్లు వేసికొని, వానలు పడగనే మరలివచ్చుట వారి ఏటేటి వాడుక. దీనిని స్థిరత్వములేని బ్రదుకని బయటివారు పొరబడిరి. నా యెరుకలో ఇది ఈ నేల నీటిపద్దును తరతరములుగా చదివినవారి వాసవిధానము. ఒకచోట నూరు ఇండ్లు కట్టినచో అచటి చెలమ వేసవిని దాటించలేదని వారికి తెలియును.

వారి జీవనోపాధిలో తేనెసేకరణ అతికఠినమైనది. కొండచరియలకు పట్టిన పెరతేనె తీయుటకు ఒకడు తీగలత్రాటిని ఆధారముగా గొని లోయలోనికి దిగును. పైన ఆ త్రాటిని కాపాడువాడు సాధారణముగా బావమరిది. తన తోబుట్టువు సౌభాగ్యమే ఆ త్రాటికి వ్రేలాడుచుండుటచే అతడు ఏమరడని చెంచుల విశ్వాసము. తపసిబంక, చిల్లగింజలు, కుంకుళ్లు సేకరించి అమ్ముట తరువాతి కాలమున వారికి ముఖ్యమైన ఆదాయమైనది.

వేటకును అడవికిని అధిదేవత గారెలమైసమ్మ. శ్రీశైల మల్లికార్జునుని చెంచు మల్లయ్య యని పిలిచి తమ అల్లునిగా భావింతురు. చైత్రపూర్ణిమకు లోయలోని సలేశ్వరమున జరుగు జాతరకు మైదానప్రజలు వేలుగా తరలివత్తురు.

ఆస్ట్రియాదేశీయుడైన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940లో ఈ పీఠభూమిపై చెంచులనడుమ నివసించి, 1943లో వారిపై బృహద్గ్రంథము ప్రకటించెను. వ్యవసాయము వ్యాపించిన దిగువమెట్టకును, చెంచులు నివసించు ఎగువమెట్టకును గల భేదమును అతడు స్పష్టముగ గుర్తించెను. నిజాం ప్రభుత్వము ఆ దశకముననే ఎగువభాగమున కొంత అడవిని చెంచులకై ప్రత్యేకించెను. తరువాత శ్రీశైలం జలాశయము నదీతీరగ్రామములను పెక్కింటిని ముంచివేసెను. 1983లో ఈ అరణ్యము పులుల సంరక్షణ పథకమున చేరెను. రాష్ట్రవిభజనానంతరము తెలంగాణ భాగము 2,611 చదరపు కిలోమీటర్ల అమరాబాదు పులుల అభయారణ్యముగా ఏర్పడెను. అందలి అంతర్భాగమునుండి పెంటలను వెలుపలికి తరలించు యత్నము ఒకవైపును, 2006 నాటి అటవీహక్కుల చట్టము వారికి కల్పించిన నివాసాధికారము మరొకవైపును ఉండుట నేటి ప్రధానవివాదము. పులియు చెంచువాడును ఒకే చెలమను పంచుకొని ఇంతకాలము బ్రదికిరను సంగతి ఈ చర్చలో తగినంతగా వినబడుట లేదు.

2019లో యురేనియం అన్వేషణకై ఇచట బోరుబావులు త్రవ్వు ప్రతిపాదన రాగా, చెంచులును మైదానప్రజలును కలిసి వ్యతిరేకించిరి. ఏ రాతిపగుళ్లనుండి చెలమలు ఊరునో ఆ రాతినే తొలిచినచో నీరు చెడునని, ఆ చెడుగు వాగులవెంట కృష్ణలోనికి దిగునని వారి భయము. ఆ సంవత్సరము సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకములు వలదని ఏకగ్రీవముగా తీర్మానించినది.